ఇరవై ఏడు బారల గొలుసు

రేవు వీధిలో గొలుసుల కొట్టు ఎక్కడని అడిగితే ఎవరూ చెయ్యి చూపించరు, చెవి పెట్టి వినమంటారు. ఇనుము మీద ఇనుము పడే గలగల ఎటు నుంచి వస్తే అటు నడవడమే. ఒక పక్క వలల గోదాము, ఇంకో పక్క రంగుల దుకాణం, నడుమ రైలుపెట్టెలా పొడుగ్గా, ఇరుగ్గా ఒక గది. ముందు భాగంలో ఒక బల్ల, రెండు స్టూళ్ళు. వెనక భాగంలో గొలుసులు చుట్టిన డ్రమ్ములు, తాళ్ళ చుట్టలు, గోడకి వేలాడే లంగర్లు. వెళ్ళొచ్చిన ప్రతివాడి చొక్కాకీ తుప్పు మరక అంటుకునే తీరుతుంది. ఆ కొట్టుకి బోర్డు లేకపోయినా నష్టం లేకపోవడానికి అదొక కారణం.

కొట్టు యజమానిని ఊరంతా బారాయన అంటుంది. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, అది బ్యాంకు పుస్తకానికి తప్ప ఇంకెవరికీ అక్కర్లేకపోయింది. రెండు చేతులూ బార్లా చాచి నిలబడితే ఈ చేతి వేలికొస నుంచి ఆ చేతి వేలికొస దాకా ఒక బార, అంటే ఎనిమిది జానలు. ఆయన గొలుసు అమ్మేది ఆ కొలతతోనే. అరవై ఆరేళ్ళ మనిషి, సన్నగా, పొడుగ్గా, ఎండిన తాటికమ్మలా ఉంటాడు. మాట మాత్రం పచ్చిదే.

ఈ రోజుల్లో బారలేమిటి, మీటర్లు లేవా అనే తెలివైనవాళ్ళకి ఒక మాట. ఈ రేవులో నీటి లోతు చెప్పేవాళ్ళందరూ బారల్లోనే చెబుతారు. సీసం గుండు కట్టిన తాడు నీళ్ళలోకి వదిలి, పైకి లాక్కునేటప్పుడు చేతులు చాచి కొలుచుకుంటారు. లోతు బారల్లో ఉంటే గొలుసు మీటర్లలో కొనడం ఎందుకు, మధ్యలో లెక్క తప్పి మునగడానికా? ఇది బారాయన వాదన. నాకూ సబబుగానే తోస్తుంది.

వెనక గోడకి భుజాల ఎత్తున రెండు ఇత్తడి మేకులున్నాయి. ఆయన తండ్రి కొట్టినవి, తండ్రి బారకి సరిపోయేవి. గోడకి వీపు ఆనించి నిలబడి రెండు మేకులూ రెండు చేతుల నడిమి వేళ్ళతో తాకగలిగిన రోజున కొలిచే పని నీదని ఆ పెద్దమనిషి కొడుక్కి చెప్పాడు. పద్నాలుగో ఏట నుంచి ఈయన ప్రతి నెలా ఆ గోడకి నిలబడేవాడు. ఒకసారి నాలుగు వేళ్ళు తక్కువ, ఒకసారి రెండు వేళ్ళు. పంతొమ్మిదో ఏట రెండు వేలికొసలకీ ఇత్తడి చల్లగా తగిలింది. ఆ రోజు తిన్న అన్నం రుచి ఇప్పటికీ చెబుతాడు. పెళ్ళినాటి భోజనం గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పలేడు, దానికి భార్య దెప్పని రోజు లేదు.

అప్పటి నుంచి మళ్ళీ గోడకి నిలబడలేదు. అవసరం ఏముంది? ఆయన బార తప్పదని ఊరు ఊరంతా ఒప్పుకుంది. ఆ కొట్టుకి టేపు పట్టుకెళ్ళడమంటే ఇంటావిడ వండిపెట్టిన కూరని వాసన చూసి తిన్నట్టే. ఒక కొత్త పడవాయన ఒకసారి జేబులోంచి టేపు తీశాడు. "కొలత తెచ్చుకున్నవాడివి గొలుసు కూడా తెచ్చుకోవాల్సింది" అని బారాయన స్టూలు దిగకుండానే పంపించేశాడు.

కొలవడం ఆయన పని, కొయ్యడం భార్య పని. ఆయన డ్రమ్ము నుంచి గొలుసు లాగుతూ, చేతులు చాస్తూ, "లాభం, రెండు, మూడు" అని పైకి లెక్కపెడతాడు. ఒకటి అనడు. మొదటిది ఎప్పుడూ లాభమే. లెక్క ముగిసిన చోట గొలుసు కడియానికి ఎర్రగుడ్డ పీలిక కట్టి, ముందుకొచ్చి కొన్నవాడితో కబుర్లలో పడతాడు. వెనక ఆవిడ పెద్ద కత్తెరతో గొలుసు తెంచి, గోనెసంచిలో నింపి, పక్కగుమ్మం దగ్గర పెడుతుంది. నలభై ఏళ్ళుగా ఇదే వరస.

ఏడాదిన్నర కిందట ఆయన ఎడమ భుజం పట్టేసింది. మొదట దువ్వెన కుడిచేతికి మారింది. తరవాత చొక్కా తొడుక్కోవడం ఒక్కడి వల్ల కాలేదు. పొద్దున్నే ఆవిడ వచ్చి ముందు ఎడమచెయ్యి దూర్చి, చొక్కా వెనక్కి తిప్పి, కుడిచెయ్యి దూర్చి, గుండీలు పెట్టి వెళ్ళిపోయేది. ఆ సంగతి ఇద్దరిలో ఒక్కరూ నోరెత్తి అనలేదు. ఆయన లెక్కలో అది చొక్కాల తప్పు, ఈ మధ్య దర్జీలు చంకలు బిగువుగా కుడుతున్నారు. గొలుసు కొలిచేటప్పుడు చెయ్యి ఎప్పటిలాగే చాస్తున్నానని ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు. నొప్పి ఎక్కడ పుడితే అక్కడే చెయ్యి పూర్తిగా చాచినట్టు లెక్క. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నవాడిది మొండితనం. ఈయనది అదీ కాదు, కుందేలు కాళ్ళు లెక్కపెట్టాలన్న ఆలోచనే రాలేదు.

అలా ఉండగా ఆవిడ అక్కగారు స్నానాలగదిలో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. చూసుకోవడానికి ఈవిడ వారం రోజులు అక్కగారి ఊరు వెళ్ళింది. ఆ వారంలో కొట్టుకి వచ్చిన గొలుసు బేరం ఒక్కటే. వచ్చింది నర్సమ్మ.

నర్సమ్మ అవతలి దీవులకి వెళ్ళి సూదులేస్తుంది, పురుళ్ళు పోస్తుంది. ఆఫీసువాళ్ళు కొత్తగా ఆమెకి చిన్న మోటారు పడవ ఇచ్చారు. పడవకి రెండు పక్కలా పెద్ద అక్షరాలు రాయించారు, లంగరు కూడా ఇచ్చారు. లంగరుకి కట్టిన తాడు మాత్రం మేకని కట్టడానికి కూడా పనికొచ్చేది కాదు.

"బాబాయ్, గొలుసు కావాలి. ఒకాయన పది మీటర్లు చాలంటాడు, ఒకాయన వంద కొనమంటాడు. మీరేమంటారు?" అంది.

"నేనేమీ అనను. మీ పడవే చెబుతుంది. కూర్చోండి. లంగరు ఎక్కడ వేస్తారు?"

"దీవి దగ్గర. అక్కడ రేవు లేదుగా. కాస్త లోపలే ఆపేసి, వాళ్ళ తెడ్డు పడవలో ఒడ్డుకి వెళతాను."

"అడుగున ఇసకా, బురదా?"

"గులకరాళ్ళు. అక్కడక్కడ బండలు."

"అయితే తాడు మాట మర్చిపోండి. బండ తగిలిందంటే తాడు పుటుక్కున తెగుతుంది. మొత్తం గొలుసే. లోతెంత?"

"నాలుగు బారలట."

"ఆటులోనా, పోటులోనా?"

నర్సమ్మ తడబడింది. "నేను పొద్దున్నే వెళతాను... ఆటులోనే అనుకుంటా."

"చూశారా? పొద్దున నాలుగు బారల నీళ్ళకి గొలుసు కొంటారు. మధ్యాహ్నానికి నీళ్ళు బారెడు లేస్తాయి. మీరు పైన సూదులేస్తూ ఉంటారు, పడవేమో కింద మీకోసం ఏడుస్తూ ఉంటుంది. ఐదు వేసుకోండి."

అని ఊరుకోలేదు. నర్సమ్మ వెంట రేవు దాకా నడిచి, ఆ పడవ ముక్కు నీటిమట్టం నుంచి ఎంత ఎత్తుందో కుడిచేత్తో జానలు పెట్టి చూశాడు. మూడు జానలు. తిరిగి వచ్చి నేల మీద సుద్దముక్కతో రాశాడు. ఐదు బారలంటే నలభై జానలు, ముక్కు ఎత్తు మూడు, వెరసి నలభై మూడు. దానికి ఐదింతలు.

"ఐదింతలు ఎందుకు?"

"లంగరు బరువుతో పడవని ఆపదమ్మా. నేల మీద పడుకుని, కొక్కెం దిగేసి ఆపుతుంది. గొలుసు పొడుగ్గా ఉంటే లంగరుని నేలబారుగా లాగుతుంది, అది ఇంకా కొరుక్కుంటుంది. గొలుసు చాలకపోతే పైకి లాగుతుంది. పైకి లాగితే ఎంత లంగరైనా ముల్లంగి దుంపలా ఊడొస్తుంది."

"రెండొందల పదిహేను జానలు," అంది నర్సమ్మ మనసులో గుణించుకుని.

"ఇరవై ఏడు బారలకి జానెడు తక్కువ. ఆ జానెడూ నా కొసరు. ఇరవై ఏడు."

"ఇంకో పది ఎక్కువే తీసుకుంటే మంచిది కదా, దేనికైనా?"

"రెండు చెంచాల మందు చాలిన చోట మీరు సీసా అంతా పట్టిస్తారా? చిన్న పడవ. ముక్కులో అంత ఇనుము పోస్తే తల వంచుకుని నీళ్ళు తాగుతుంది. ఇరవై ఏడంటే ఇరవై ఏడే."

నేను ఆయన పక్షాన చెప్పేది ఒకటే. ఆ రోజు ఆయన చెప్పిన లెక్కలో వీసమెత్తు తప్పు లేదు. సముద్రం తెలిసిన ఏ మనిషిని అడిగినా అంతే చెప్పేవాడు.

తరవాత వెనక్కి వెళ్ళి "లాభం" అని మొదలుపెట్టాడు. పది దాటేసరికి ముఖం చెమర్చింది. ఇరవై దాటేసరికి లెక్క పళ్ళ సందున వచ్చింది. పీలిక కట్టాడు. కొయ్యడానికి భార్య లేదు కనక కత్తెర ఒక పిడి కాలికింద పెట్టి, రెండో పిడి మీద ఎక్కి తొక్కాడు. గుమ్మం దగ్గర నిలబడి నర్సమ్మ అంతా చూసింది.

"ఎన్నాళ్ళ నుంచి బాబాయ్, ఆ చెయ్యి?"

"ఏ చెయ్యి?" అన్నాడాయన, కుడిచేత్తో ఎడమభుజం పట్టుకుని. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకునే రకం.

బారాయన భార్య తిరిగివచ్చింది బుధవారం పొద్దున. బస్సు దగ్గర నుంచి పెట్టె మోసుకొచ్చింది ఆవిడ తమ్ముడు, రేవులో ఇంజన్లు బాగుచేసే మెకానిక్కు. అతనికి ప్రతి జేబులో ఒక కొలత పరికరం ఉంటుంది. బావగారి బారని ఎగతాళి చెయ్యకుండా అతనికి పూట గడవదు.

"బావా, నువ్వు బాగా లావయితే బార పెరుగుతుందా తగ్గుతుందా?"

"నీ నాలుక మాత్రం కొలవక్కర్లేదురా, ఇక్కణ్ణుంచి రేవు దాకా ఉంది," అన్నాడు బారాయన. భార్య వచ్చినందుకు సంతోషంగా ఉన్నాడు. వారం రోజులుగా చొక్కా మార్చుకోలేదు మరి.

ఆవిడ చెప్పులు విడిచి నేరుగా వెనక గదిలోకి వెళ్ళింది. తరవాత గొలుసు కొస చేత్తో పట్టుకుని వచ్చింది. తెగిన కడియం నమిలి ఊసినట్టుంది.

"ఇది ఎవరికి కోశారు?"

"నర్సమ్మకి. ఇరవై ఏడు. ఏం?"

"మీరే కొలిచారా?"

"నేను కాక నీ తమ్ముడు కొలుస్తాడా?"

ఆవిడ గొలుసు కొస బల్ల మీద పడేసింది. "నర్సమ్మ ఇవాళ ఎక్కడుంది?" అని తమ్ముణ్ణి అడిగింది.

"దీవికి వెళ్ళింది కదక్కా, పొద్దున్నే ఇంజను నేనే స్టార్ట్ చేసి పంపించా. అక్కడ ఎవరో బాలింతకి జ్వరం తగ్గట్లేదట, ఈ పూట పడవలో తీసుకొచ్చేస్తానంది."

వీధిలో రంగుల దుకాణం రేకు తలుపు గాలికి దబదబ కొట్టుకుంటోంది. ఆ రోజు పౌర్ణమి, నీళ్ళు మామూలు కన్నా ఎత్తు లేచే రోజు. పోటు పూర్తి కావడానికి ఇంకా రెండు గంటలుంది.

"ఏమండీ," అంది ఆవిడ. "లేచి ఒకసారి ఆ గోడకి నిలబడండి."

"ఎందుకు?"

"నా మాట విని నిలబడండి."

నలభై ఏడేళ్ళ తరవాత బారాయన ఆ గోడకి వీపు ఆనించాడు. కుడిచెయ్యి చాచాడు. ఇత్తడి మేకు వేలికి తగిలింది. ఎడమచెయ్యి చాచాడు. ఏమీ తగల్లేదు. పళ్ళు బిగించి ఇంకా చాచాడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తల తిప్పి చూశాడు. వేలికొసకీ మేకుకీ మధ్య గోడ కనబడుతోంది. బావమరిది వచ్చి, టేపు జోలికి పోకుండా, తన చేత్తోనే జాన వేశాడు. జానెడున్నర.

"బారకి జానెడున్నర తక్కువండీ," అంది ఆవిడ మెల్లగా. "ఇరవై ఏడుకి ఐదు బారలు. ఆ పిల్ల దగ్గర ఉన్నది ఇరవై రెండే."

"నీకెలా తెలుసు?"

"నాకు కాక ఎవరికి తెలుస్తుంది? రోజూ చొక్కా చెయ్యి తొడిగేది నేను కాదా? అది ఎంతవరకూ లేస్తుందో నాకు తెలియదా?"

"మరి ఏడాదిగా కొన్నవాళ్ళందరూ..."

"పదికి రెండు బారలు ఎక్కువ వచ్చేలా పీలిక జరిపి కోశాను. అందరికీ. నేను లేని ఈ ఒక్కటే..." అని ఆగిపోయింది.

అప్పుడు ఆయనకి వచ్చిన కోపం చిన్నది కాదు. "ఏడాదిగా నా వెనకాల నా కొలత దిద్దుతున్నావా? నలుగురూ బారాయన చెయ్యి తప్పదంటుంటే విని నవ్వుకున్నావా? ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"చెబితే కొట్టు మూసేస్తారు. కొట్టు మూస్తే మంచం పడతారు. నాకు భయమేసింది," అంది ఆవిడ. "తిట్టడం తరవాత కూడా తిట్టొచ్చు. ముందు గొలుసు తియ్యండి."

దీవిలో ఫోను అందదు. బావమరిది అప్పటికే తన పడవ విప్పడానికి పరుగెత్తాడు. ఆవిడ డ్రమ్ము నుంచి గొలుసు లాగి, మేకు నుంచి మేకుకి పట్టి ఐదు బారలు కొలిచి కోసింది. కొలిచినంతసేపూ బారాయన పక్కన నిలబడి చూశాడు. రెండు గొలుసుల్ని కలిపే సంకెల కొక్కెం ఒకటి, ఒక పానా జేబులో వేసుకున్నాడు. ముగ్గురూ పడవెక్కారు.

ఎదురుగాలి, నీళ్ళు ముఖం మీద కొడుతున్నాయి. బారాయన గోనెసంచి మీద కూర్చుని తన ఎడమచేతికేసి చూసుకుంటున్నాడు, పరాయివాడి చెయ్యి ఎవరో ఒళ్ళో పెట్టి వెళ్ళినట్టు. సిగ్గుగా ఉంది. దానికన్నా భయం ఎక్కువగా ఉంది. ఆ పిల్ల తెలివిగా అడిగింది, ఇంకో పది ఎక్కువ తీసుకోనా అని. వద్దన్నది తనే. అక్కర్లేదని సీసాలూ చెంచాలూ సామెత చెప్పి మరీ వద్దన్నాడు.

దీవి మలుపు తిరగ్గానే నర్సమ్మ పడవ కనబడింది. పక్కన రాసిన అక్షరాలు ఒకసారి పైకి లేస్తున్నాయి, ఒకసారి నీళ్ళలో మునుగుతున్నాయి. గొలుసు ముక్కు నుంచి బిగించిన తీగలా కిందికి దిగి ఉంది. వెనకాల నల్లటి బండలు, మహా అయితే రెండు పడవల దూరం.

"ఆగే ఉంది బావా," అన్నాడు బావమరిది ఆశగా.

పడవలు రెండూ ఆనుకోగానే బారాయన అందులోకి దిగి, ముక్కు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, గొలుసు మీద కుడి అరచెయ్యి పెట్టాడు. లంగరు కదలకుండా ఉంటే గొలుసు బిగుసుకుని వదులవుతుంది, అంతే. కానీ అరచేతికి గరగర తెలుస్తోంది, అడుగున ఎవరో రాళ్ళ మీద బల్ల ఈడుస్తున్నట్టు.

"ఆగలేదురా. నడుస్తోంది. ఇంజను పెంచి ముందుకి తొయ్యి. గొలుసు వదులు కావాలి."

బావమరిది తన పడవని దాని పక్కకి కట్టి ముందుకి తోశాడు. గొలుసు వదులైంది. దాని కొస ముక్కులోని ఇనుప రింగుకి బిగించి ఉంది. దాన్ని విప్పి, కొత్త గొలుసు కలిపి, మళ్ళీ రింగుకి బిగించాలి. రెండు చేతుల పని. బారాయన కుడిచేత్తో పానా తిప్పాడు. ఎడమచేత్తో గొలుసు పట్టుకోబోయాడు. అల లేచింది, భుజం కలుక్కుమంది, గొలుసు జారింది. పోయిందనుకున్నాడు. అప్పటికే, వెనకాలే దిగిన ఆవిడ రెండు చేతులా దాన్ని పట్టేసి, పాదాలు పడవ అంచుకి తన్నిపెట్టి, వెనక్కి వాలి ఉంది.

"మీరు బిగించండి. నేను పట్టుకున్నా."

ఆయన బిగించాడు. వేళ్ళు చీరుకుపోయాయి. "వదులు" అన్నాడు. ఆవిడ కొంచెం కొంచెంగా వదిలింది. ఐదు బారలూ నీళ్ళలోకి జారాయి. బావమరిది ఇంజను తగ్గించాడు, గాలి పడవని వెనక్కి నెట్టింది, ఇంకా నెట్టింది, బండల మీద విరిగిన నీళ్ళు వెనకవైపు పలకల మీద పడ్డాయి. బారాయన అరచెయ్యి గొలుసు మీదే ఉంది. గరగర, గరగర. తరవాత ఒక్క కుదుపు. ఆ తరవాత ఏమీ లేదు.

"కొరికింది," అన్నాడు. అని, భార్య ముందు, బావమరిది ముందు, పిల్లాడిలా ఏడ్చాడు.

నర్సమ్మ తెడ్డు పడవలో వచ్చేసరికి పోటు నిండుగా ఉంది. బాలింతని దుప్పట్లో చుట్టి తెచ్చారు, పక్కన ఆమె తల్లి, ఆ తల్లి ఒళ్ళో పదిరోజుల పసిగుడ్డు. వాళ్ళని పడవలోకి చేర్చేదాకా బారాయన ఆగాడు. తరవాత నర్సమ్మ ముందు నిలబడ్డాడు.

"ఇరవై ఏడు చెప్పాను, ఇరవై రెండు ఇచ్చానమ్మా. కావాలని కాదు. నా చెయ్యి చాలలేదు, నాకు తెలియలేదు. ఇంకో అరగంట అయితే మీ పడవ ఆ బండల మీద ఉండేది."

నర్సమ్మ బండలకేసి చూసింది. గొలుసుకేసి చూసింది. దుప్పట్లో వణుకుతున్న మనిషికేసి చూసింది. "పడవ పోతే ఈమెని ఎలా తీసుకెళ్ళేదాన్ని బాబాయ్?" అంది. గొంతు గట్టిగానే ఉంది. ఆయన తల వంచుకుని నిలబడ్డాడు.

మళ్ళీ ఆమే అంది, "ఆ రోజు కత్తెర తొక్కుతుంటే చూశాను. ఏదో ఉందని తెలిసి కూడా మాట్లాడకుండా గొలుసు మోసుకుపోయాను. నాదీ తప్పుంది. రేపు పొద్దున్నే నా దగ్గరికి రండి, ఆ భుజం సంగతి చూద్దాం. రాకపోతే నేనే కొట్టుకి వచ్చి అందరిముందూ చొక్కా విప్పిస్తాను."

బాలింత బతికింది. అది ముందే చెప్పేస్తున్నాను, ఎవరూ ఆదుర్దా పడక్కర్లేదు.

బారాయన మర్నాడు నర్సమ్మ దగ్గరికి వెళ్ళాడు. పట్టేసిన భుజం ఇంత ఆలస్యంగా వస్తే ఎంత వదులుతుందో చెప్పలేమనీ, రోజూ గోడ మీద వేళ్ళు పాకించమనీ ఆమె చెప్పింది. పాకించాడు, తిట్టుకుంటూనే. కొట్టు మాత్రం నాలుగు రోజులు తెరవలేదు. భార్యతో పొడిపొడి మాటలే. ఆవిడ భయపడ్డంత పనీ అయ్యేలా ఉంది. ఐదో రోజు బావమరిది ఒక కొత్త టేపు తెచ్చి, ఈసారి వేళాకోళం ఏమీ లేకుండా, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. బారాయన దాన్ని చాలాసేపు చూశాడు. తరవాత లేచి, తాళంచెవి తీసుకుని, "పద" అన్నాడు భార్యతో.

ఆ రోజు మొదటి బేరానికి వచ్చినవాడు పాత చేపలపడవాయన, ఇరవై ఏళ్ళ ఖాతా.

"బారాయనా, పది బారలు కొయ్యి. కబుర్లు తరవాత."

బారాయన వెనక్కి వెళ్ళి గోడకి నిలబడ్డాడు. కుడిచేత్తో గొలుసు పట్టుకుని కుడి మేకు తాకాడు. ఎడమచెయ్యి కిందికి దించేశాడు. భార్య వైపు తిరిగి కళ్ళతోనే రమ్మన్నాడు. ఆవిడ అర్థంకానట్టు చూసింది. తరవాత వచ్చి, ఆయన ఎడమపక్కన భుజానికి భుజం ఆనించి నిలబడి, తన ఎడమచెయ్యి చాచి గొలుసుని ఎడమ మేకుకి అందించింది.

"లాభం," అన్నాడాయన.

చేపలపడవాయన గుమ్మంలో నిలబడి నవ్వాడు. "ఇదేం బార బాబూ? ఇద్దరు మనుషులతో కొలుస్తున్నావు, ఎప్పుడూ లేంది?"

"ఏడాదిగా ఇదే బార," అన్నాడు బారాయన. "నాకూ మొన్ననే తెలిసింది."

ఆవిడ గొలుసు జరిపింది. ఇద్దరూ మళ్ళీ చేతులు చాచారు.

"రెండు," అంది ఆవిడ.